పాట వేరు, రికార్డింగ్ వేరు: పాప్ పాట రాయడం నుంచి రీమిక్స్, కవర్ దాకా

పాప్ సంగీతం ఎలా పనిచేస్తుందో తెలియాలంటే ముందు ఒక్క సంగతి బుర్రకెక్కాలి. పాట వేరు, రికార్డింగ్ వేరు. పాట అంటే ట్యూనూ మాటలూ, గిటార్ ఒక్కటి పట్టుకుని ఎవరైనా పాడగలిగేది. రికార్డింగ్ అంటే ఫలానా రోజు, ఫలానా గొంతుతో, ఫలానా వాయిద్యాలతో టేపు మీదకో హార్డ్ డిస్క్ మీదకో ఎక్కిన శబ్దం. డాలీ పార్టన్ రాసి 1974లో విడుదల చేసిన 'ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ'ని 1992లో విట్నీ హ్యూస్టన్ పాడితే అది అమెరికా చార్టులో 14 వారాలు మొదటి స్థానంలో కూర్చుంది. పాట ఒకటే, రికార్డింగులు రెండు. రీమిక్స్ (ఉన్న రికార్డింగ్‌కి కొత్త రూపం ఇవ్వడం) చేసేవాళ్ళకి కావలసింది రికార్డింగ్, కవర్ (వేరేవాళ్ళ పాటని మళ్ళీ పాడి రికార్డ్ చేయడం) పాడేవాళ్ళకి కావలసింది పాట. కొత్తవాళ్ళు డబ్బు దగ్గరా, అనుమతుల దగ్గరా, అసలు సంగీతం దగ్గరా ఇబ్బంది పడేది ఎక్కువగా ఈ రెంటినీ కలిపేసుకున్నప్పుడే, అందుకే కింద ప్రతి దశలోనూ మనం ముట్టుకుంటున్నది దేన్నో చూసుకుంటూ వెళ్దాం.

1. హుక్ పట్టుకోవడం

హుక్ అంటే ఒకసారి విన్నవాళ్ళు రెండోసారికే కూనిరాగం తీసే ముక్క. అది ఒక మాట కావచ్చు, నాలుగు స్వరాలు కావచ్చు, ఒక బేస్ లైన్ (కింది స్థాయిలో నడిచే బేస్ గిటార్ వరస) కావచ్చు. ముందు అది దొరకాలి, మిగతాదంతా తర్వాత.

మాటలు రాలేదని ట్యూన్‌ని ఆపకండి. పాల్ మెకార్ట్నీకి 'ఎస్టర్‌డే' ట్యూన్ నిద్రలో తట్టింది. మాటలు దొరికేదాకా 'స్క్రాంబుల్డ్ ఎగ్స్' అంటూ పాడుకుంటూ తిరిగాడు, ఇది ఎక్కడో విన్న ట్యూనేమో అని అనుమానమొచ్చి తెలిసినవాళ్ళకి వినిపించి మరీ అడిగాడు. ఈ రెండూ మీరూ చేయండి. డమ్మీ మాటలు పెట్టి పాడుకుంటే లైన్‌లో ఎన్ని అక్షరాలు పడతాయో, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో, బలం ఏ అక్షరం మీద పడుతుందో ముందే తేలిపోతుంది, అసలు మాటలు రాసేటప్పుడు ఆ కొలతలోనే రాసుకుంటారు. ఇంకొకరికి వినిపించి అడిగితే తెలియకుండా వేరేవాళ్ళ ట్యూన్ ఎత్తేసే ప్రమాదం తగ్గుతుంది.

ట్యూన్ మొత్తం ఒక ఆక్టేవ్‌లో (స నుంచి పై స దాకా), మహా అయితే ఇంకో రెండు మూడు స్వరాలు ఎక్కువలో సరిపెట్టండి. గొప్ప గాయకులే కాకుండా మామూలు గొంతులు కూడా పాడుకోగలిగితేనే పాట పదిమందిలోకి వెళ్తుంది. వర్స్‌ని (మన చరణంలాంటిది) కింది స్వరాల్లో మాట్లాడినట్టు ఉంచి, కోరస్‌కి (మాటిమాటికీ తిరిగొచ్చే ముక్క) వచ్చేసరికి ఒక్కసారి పైకి ఎగరండి, ఆ ఎగిరే చోటే పాట పేరు పడితే ఇంకా మంచిది. ఒక ముక్కని రెండుసార్లు అలాగే పాడి, మూడోసారి చివర కొద్దిగా మార్చడం పాతకాలపు కిటుకే కానీ ఇప్పటికీ పనిచేస్తుంది.

కార్డ్స్ (ట్యూన్ కింద ఒకేసారి కలిపి వాయించే స్వరాల గుంపులు) గురించి మరీ మథనపడకండి. సి, జి, ఏ మైనర్, ఎఫ్ అనే నాలుగింటి మీద 'లెట్ ఇట్ బి' దగ్గర్నుంచి లెక్కలేనన్ని పాటలు నిలబడ్డాయి. అలాంటి మామూలు కార్డుల వరస ఎవరి సొత్తూ కాదు, దాని మీద మీరు కట్టిన ట్యూన్ మాత్రం మీ సొత్తు.

దొరికిన ముక్కని ఫోన్‌లో రికార్డ్ చేసి పడుకోండి. పొద్దున్న లేచాక ఫోన్ తెరవకుండా అది గుర్తొస్తే ఉంచండి, రాకపోతే వదిలేయండి.

2. మాటలు

క్లాసిక్ పాప్ పాటలో ఒక్క ఆలోచన ఉంటుంది, రెండు ఉండవు. జెర్రీ గాఫిన్ మాటలు, 18 ఏళ్ళ కరోల్ కింగ్ ట్యూన్ కలిసి 1960లో షిరెల్స్ పాడిన 'విల్ యూ లవ్ మీ టుమారో'ని చూడండి. ఈ రాత్రి ప్రేమ రేపు కూడా ఉంటుందా అన్న ఒక్క ప్రశ్న, అంతే. వర్స్‌లన్నీ ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి, జవాబు మాత్రం రాదు. మీ పాటని ఒక్క వాక్యంలో చెప్పలేకపోతున్నారంటే అందులో రెండు పాటలు కలిసిపోయి ఉన్నాయని అర్థం, విడదీయండి.

రాసిన ప్రతి లైన్‌నీ ట్యూన్ లేకుండా మామూలుగా పైకి చదవండి. మాట్లాడేటప్పుడు ఒత్తి పలికే అక్షరమూ, ట్యూన్‌లో దెబ్బ పడే అక్షరమూ ఒకటే అయ్యుండాలి. అవి తప్పితే విన్నవాళ్ళకి ఎందుకో తెలియకుండానే ఆ లైన్ కృతకంగా అనిపిస్తుంది. అలాగే పైస్థాయిలో సాగదీసే స్వరం మీద నోరు తెరుచుకునే అచ్చులు పెట్టండి. 'ఆ', 'ఓ' మీద గొంతు హాయిగా విచ్చుకుంటుంది, అదే ఎత్తులో 'ఈ' మీద చాలామంది గొంతు బిగుసుకుపోతుంది. పదం ఎంత బాగున్నా గాయకుడి నోట్లో పట్టకపోతే మార్చేయాల్సిందే. ఈ విషయంలో మొండితనం పనికిరాదు.

3. నిర్మాణం

1960ల మొదట్లో ఎక్కువగా నడిచింది ఏఏబీఏ పద్ధతి: ఎనిమిది బార్ల (తాళం ఆవర్తనంలాంటి కొలత) ముక్క రెండుసార్లు, తర్వాత దారి మళ్ళించే మిడిల్ ఎయిట్, మళ్ళీ మొదటి ముక్క, మొత్తం 32 బార్లు. ఆ తర్వాత వర్స్, ప్రీకోరస్ (కోరస్‌కి దారితీసే చిన్న ముక్క), కోరస్, బ్రిడ్జ్ అనే అమరిక రాజ్యమేలింది. కోరస్ అంటే మనకి తెలిసిన పల్లవిలాంటిదే, కాకపోతే పాట మొదట్లో కాకుండా వర్స్ తర్వాత వస్తుంది. బ్రిడ్జ్ ఒకే ఒక్కసారి వస్తుంది, అంతవరకూ వినని కార్డో కొత్త కోణమో తెచ్చి, చివరి కోరస్‌ని మళ్ళీ తాజాగా వినిపించేలా చేయడమే దాని పని.

పాటలు మూడు నిమిషాల దగ్గర ఆగడం వెనక కళ కంటే సాంకేతిక కారణమే ఎక్కువ. పాత 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) పది అంగుళాల డిస్క్ మీద ఒక్కో వైపు పట్టేది దాదాపు అంతే, 1949లో ఆర్‌సీఏ విక్టర్ తెచ్చిన 45 ఆర్‌పీఎం చిన్న డిస్క్ కూడా ఆ అలవాటునే కొనసాగించింది. డిస్కులు పోయినా చెవులకి ఆ కొలత అలవాటైపోయింది.

మొదలుపెట్టడం గురించి కాస్త ఎక్కువ ఆలోచించండి. 'కాంట్ బై మీ లవ్'ని కోరస్ ముక్కతోనే మొదలుపెట్టాలన్నది నిర్మాత జార్జ్ మార్టిన్ ఆలోచన. 1976 నాటి ఆబ్బా 'డాన్సింగ్ క్వీన్' అయితే ఏకంగా కోరస్ సగంలోంచి మొదలవుతుంది, వర్స్ వచ్చేసరికే విన్నవాళ్ళు పాటలో మునిగిపోయి ఉంటారు. అలాగని ఇంట్రో చిన్నగానే ఉండాలన్న రూలేమీ లేదు. 'బిల్లీ జీన్' ఇంట్రో మరీ పొడుగ్గా ఉందని నిర్మాత క్విన్సీ జోన్స్ కత్తిరించమన్నా, వింటే డాన్స్ చేయాలనిపించేది అదేనంటూ మైకేల్ జాక్సన్ దాన్ని అలాగే ఉంచాడు. 29 సెకన్లు ఆగగల సత్తా ఆ బేస్ లైన్‌కి ఉంది. మీ ఇంట్రోకి ఉందా అని నిజాయితీగా చూసుకుని నిర్ణయించుకోండి.

4. డెమో, దాంతోపాటు ఒక కాగితం

డెమో అంటే నమూనా రికార్డింగ్: ఒక గొంతు, ఒక వాయిద్యం. అలా పాడినప్పుడు నిలబడితే పాట ఉన్నట్టు, నిలబడకపోతే ఎన్ని సింథ్‌లు కప్పినా నిలబడదు. నాకు ఇదే అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష.

అదే రోజు కలిసి రాసినవాళ్ళంతా ఎవరి వాటా ఎంతో శాతాల్లో రాసుకుని సంతకాలు పెట్టండి. స్నేహితుల మధ్య ఇదేం పద్ధతి అనిపించొచ్చు, కానీ డబ్బు రానప్పుడే ఈ మాట తేలిగ్గా తెగుతుంది. ఇది పాట తాలూకు వాటా అని గుర్తుంచుకోండి, రికార్డింగ్ ఎవరిదన్నది వేరే ఒప్పందం.

5. రికార్డింగ్

ఇక్కణ్ణుంచి రెండో వస్తువు తయారవుతోంది. అరేంజ్‌మెంట్‌లో (ఏ వాయిద్యం ఎక్కడ ఏం వాయించాలో కూర్చడంలో) మొదటి సూత్రం గాత్రానికి అడ్డం రాకపోవడం. 'ఎస్టర్‌డే'లో బీటిల్స్ నలుగురిలో మెకార్ట్నీ ఒక్కడే, తన గిటార్‌తో, తోడుగా జార్జ్ మార్టిన్ రాసిన నలుగురి తంత్రీ వాద్య బృందం. డ్రమ్స్ లేవు. అంత పేరున్న బ్యాండ్ కూడా పాట అడగనిది వాయించలేదు.

గాయకుడికి సరిపడే శ్రుతి రికార్డింగ్‌కి ముందే తేల్చుకోండి, ఒక స్వరం పైకీ కిందకీ పాడించి చూస్తే తేడా వెంటనే వినిపిస్తుంది. గాత్రం నాలుగైదు టేకులు తీసి, మంచి ముక్కలు ఏరి ఒకటిగా కూర్చండి. మిక్సింగ్‌లో (విడివిడి శబ్దాల్ని సరితూచి కలపడంలో) మాత్రం ఎక్కడ ఆపాలో తెలియాలి. 'బిల్లీ జీన్'కి ఇంజినీర్ బ్రూస్ స్వీడియన్ 91 మిక్సులు చేస్తే చివరికి వాడింది రెండోది. అందుకే ప్రతి మిక్స్‌నీ తేదీ, నంబర్ వేసి దాచుకోండి.

పని అయ్యాక చాలామంది వదిలేసే ఒక పని ఉంది. స్టెమ్స్ తీసి పెట్టుకోవాలి. డ్రమ్స్, బేస్, కీబోర్డులు, ప్రధాన గాత్రం, వెనక పాడే తోడు గాత్రాలు, ఒక్కోటీ విడిగా, 24 బిట్ వేవ్ ఫైళ్ళుగా, అన్నీ మొదటి బార్ నుంచే మొదలై ఒకే నిడివిలో ఉండేలా. గాత్రం రెండు రకాలుగా ఉంచండి, రివర్బ్‌తో (ప్రతిధ్వనిలాంటి ఎఫెక్ట్) ఒకటీ, ఏ ఎఫెక్టూ లేకుండా ఇంకోటీ. ఫైల్ పేరులోనే బీపీఎం (నిమిషానికి ఎన్ని బీట్లో), శ్రుతి రాయండి. గాత్రం లేని ఇన్‌స్ట్రుమెంటల్ మిక్స్, ఒట్టి గాత్రం మాత్రమే ఉన్న అకపెల్లా కూడా అప్పుడే తీసేయండి. ఐదేళ్ళ తర్వాత ఎవరో రీమిక్స్ చేస్తామని వచ్చినప్పుడు పాత ప్రాజెక్ట్ తెరిస్తే సగం ప్లగిన్లు (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాములు) పనిచేయవు.

6. విడుదల

రెండు చోట్ల నమోదు చేయాలి, రెండిటికీ వేర్వేరు కోడ్లు. రికార్డింగ్‌కి ఐఎస్‌ఆర్‌సీ ఉంటుంది, సాధారణంగా మీ డిస్ట్రిబ్యూటరే (మీ పాటని స్ట్రీమింగ్ యాప్‌లకి చేర్చే కంపెనీ) ఇస్తారు. పాటకి ఐఎస్‌డబ్ల్యూసీ, అది రచయితల రాయల్టీ సంఘంలో నమోదు చేసుకుంటే వస్తుంది. స్ట్రీమింగ్‌లోకి పాట ఎక్కించేసి పని అయిపోయిందనుకునేవాళ్ళు చాలామంది రెండోది చేయరు, రచయితగా రావలసిన డబ్బు అక్కడే ఆగిపోతుంది.

విడుదల తేదీకి కనీసం మూడు నాలుగు వారాల ముందు ఫైళ్ళు ఇచ్చేయండి. స్పాటిఫై ఎడిటర్లకి పాటని పంపుకోవాలంటే విడుదలకి ఏడు రోజుల ముందైనా పంపాలి, కొంచెం ముందుంటే ఇంకా మంచిది. మాస్టరింగ్‌లో (విడుదలకి ముందు మిక్స్‌ని ఆఖరిసారి సరిచేసే పనిలో) శబ్దాన్ని మరీ పిండేయకండి, స్పాటిఫై మామూలుగా మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (శబ్దం ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) దగ్గరికి తెచ్చి వినిపిస్తుంది కాబట్టి గట్టిగా చేసినదంతా మళ్ళీ తగ్గిపోతుంది, మీకు మిగిలేది నలిగిపోయిన డ్రమ్సే.

మొదటిసారి ఎవరూ పట్టించుకోకపోతే నిరాశపడి పాటని పాతిపెట్టకండి. ఆ-హా బృందం 'టేక్ ఆన్ మీ' 1984లో ఒకసారి విడుదలై పెద్దగా ఆడలేదు. అదే పాటని నిర్మాత అలన్ టార్నీతో మళ్ళీ రికార్డ్ చేసి, పెన్సిల్ బొమ్మల వీడియోతో వదిలితే 1985లో అమెరికాలో మొదటి స్థానానికి వెళ్ళింది. పాటలో లోపం లేదు, రికార్డింగ్ మార్చారు. మీ పాట ఆడనప్పుడు మీరు వేసుకోవలసిన ప్రశ్న కూడా ఇదే: లోపం దేన్లో ఉంది?

7. రీమిక్స్

జమైకాలో కింగ్ టబ్బీలాంటి ఇంజినీర్లు ఉన్న రికార్డింగ్‌లోంచి గాత్రం తీసేసి, డ్రమ్స్, బేస్‌ని ముందుకు తెచ్చి, ఎకో కలిపి కొత్త రూపం ఇచ్చే డబ్ పద్ధతిని 1970ల మొదట్లోనే నిలబెట్టారు. న్యూయార్క్‌లో టామ్ మౌల్టన్ డిస్కో పాటల్ని డాన్స్ కోసం పొడిగించేవాడు. ఒకసారి చిన్న డిస్కులు అయిపోయి పెద్ద డిస్క్ మీద కట్ చేయించాల్సి వస్తే, గాళ్ళ మధ్య ఎడం పెరిగి శబ్దం ఇంకా గట్టిగా, నిండుగా వచ్చిందని గమనించారు. 12 అంగుళాల సింగిల్ (ఆల్బమ్ కాకుండా ఒక పాట కోసం విడిగా వచ్చే డిస్క్) అలా మొదలైంది. 1976లో వాల్టర్ గిబ్బన్స్ రీమిక్స్ చేసిన డబుల్ ఎక్స్‌పోజర్ పాట 'టెన్ పర్సెంట్'తో అది జనం కొనుక్కునే వస్తువైంది.

ఇప్పుడు మీరు ఎలా చేయాలంటే, ముందుగా రికార్డింగ్ యజమాని దగ్గర అనుమతీ స్టెమ్సూ తీసుకోండి, డబ్బు ఒక్కసారిగా ఇస్తారా వాటా ఇస్తారా తేల్చుకోండి. రీమిక్స్ చేసినంత మాత్రాన పాట రచనలో వాటా మామూలుగా రాదు, కాబట్టి ఈ దశలో మాట్లాడుకున్నదే మీకు దక్కేది.

తర్వాత వేగం లెక్క వేయండి. అసలు పాట 96 బీపీఎం, మీకు కావలసింది 124 అనుకోండి, గాత్రాన్ని దాదాపు 30 శాతం తొందరపెట్టాలి. అంత లాగితే హల్లులు చిట్లుతాయి, గాలి ఎక్కువున్న గొంతైతే మరీ కృత్రిమంగా వినిపిస్తుంది. అలాంటప్పుడు పూర్తి వర్స్ వాడకుండా రెండు మూడు చిన్న పదబంధాలు మాత్రమే కోసి, ఒక్కోదాన్నీ బీట్ మీద విడివిడిగా కూర్చోబెట్టండి. మాటల మధ్య ఖాళీలు తగ్గిస్తే చాలుతుంది, మాటని లాగక్కర్లేదు. లేదా వేగాన్నే 104, 106 దగ్గరికి తెచ్చుకోండి.

డీజేలు కలుపుకోవడానికి మొదట్లోనూ చివర్లోనూ 16 నుంచి 32 బార్లు డ్రమ్స్ మాత్రమే ఉంచండి. గాత్రం కింద కార్డ్స్ మార్చేసి చూడండి, మేజర్ కార్డ్స్ ఉన్నచోట మైనర్ పెడితే అదే మాటకి వేరే అర్థం వస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం, పాటలో రచయితే పట్టించుకోని హుక్ ఏదైనా ఉందేమో వెతకడం. సుజాన్ వేగా 1987 ఆల్బమ్‌లో 'టామ్స్ డైనర్' ఏ వాయిద్యమూ లేని ఒట్టి గాత్రం. 1990లో డీఎన్‌ఏ అనే ఇద్దరు బ్రిటిష్ కుర్రాళ్ళు దాని కింద డాన్స్ బీట్ పెట్టి, పాట చివర ఆమె ఊరికే తీసిన కూనిరాగాన్ని తీసుకొచ్చి కోరస్‌లా మాటిమాటికీ వాడారు. మొదట అనుమతి లేకుండానే వదిలారు, అయితే వేగా రికార్డ్ కంపెనీ దావా వేయకుండా దాన్ని తీసుకుని అధికారికంగా విడుదల చేసింది, బ్రిటన్‌లో రెండో స్థానానికి ఎక్కింది. ఆ అదృష్టాన్ని నమ్ముకుని మీరు అనుమతి మానేయకండి, ఆ చెవి మాత్రం అలవరచుకోండి. ఎవ్రీథింగ్ బట్ ద గర్ల్ బృందం 'మిస్సింగ్' కూడా 1994లో మామూలుగా వచ్చి వెళ్ళిపోయింది, డీజే టాడ్ టెర్రీ రీమిక్స్‌తో అమెరికాలో రెండో స్థానం దాకా వెళ్ళింది. గాయని ట్రేసీ థార్న్ గొంతులోని దిగులుని టెర్రీ చెరపలేదు, దాని కింద డాన్స్ బీట్ పెట్టాడు, ఆ రెండూ పక్కపక్కనే ఉండటమే దాని బలం.

8. కవర్

కవర్ అంటే అనుకరణ అనుకుంటే అక్కడే ఆగిపోతారు. ఓటిస్ రెడింగ్ 1965లో రాసి పాడిన 'రెస్పెక్ట్'లో ఇంటికొచ్చిన మగవాడు గౌరవం అడుగుతాడు. 1967లో అరెథా ఫ్రాంక్లిన్ అదే పాటని ఆడదాని వైపు నుంచి పాడింది, ఆ పదాన్ని అక్షరం అక్షరం విడగొట్టి పలికే భాగం చేర్చింది, అసలు పాటలో లేని బ్రిడ్జ్‌లో కింగ్ కర్టిస్ శాక్సోఫోన్ వచ్చింది. ఇప్పుడు జనానికి గుర్తున్నదంతా ఆమె చేర్చినదే. అయినా అమెరికాలో మామూలు రేడియోలో ఆ పాట వచ్చిన ప్రతిసారీ రాయల్టీ రచయిత వైపే వెళ్తుంది, పాడినవాళ్ళకి రాదు, అక్కడి చట్టం అంతే. ఇది నాకు ఇప్పటికీ అన్యాయంగానే అనిపిస్తుంది.

పాట ఎంచుకున్నాక అసలు రికార్డింగ్‌ని పదేపదే విని ఆపేయండి. ట్యూన్, మాటలు, కార్డ్స్ కాగితం మీద రాసుకుని కొన్ని రోజులు దాన్ని చూసే పాడండి, రికార్డింగ్ జోలికి వెళ్ళకండి. అప్పుడే మీ గొంతు, మీ వేగం బయటికొస్తాయి. ఆ తర్వాత ఒక్క పెద్ద మార్పు నిర్ణయించుకోండి. వేగమో, శ్రుతో, ఎవరి వైపు నుంచి పాడుతున్నామన్నదో, వాయిద్యాలో. సాఫ్ట్ సెల్ 1981లో 'టెయింటెడ్ లవ్'ని తీసుకున్నప్పుడు గ్లోరియా జోన్స్ పాడిన ఉరకలు వేసే సోల్ పాటని నెమ్మది చేసి, శ్రుతి దించి, సింథసైజర్ల మీదకి మార్చారు. లెనార్డ్ కోహెన్ 1984 నాటి 'హల్లెలూయా' విషయంలో అయితే దాన్ని కవర్ చేసిన గాయకుడు జాన్ కేల్ మాటలే వేరేవి ఎంచుకున్నాడు. కోహెన్ దానికి చాలా చరణాలు రాసి ఉన్నాడు, కేల్ వాటిలోంచి తనకు నచ్చినవి ఏరుకున్నాడు, 1994లో జెఫ్ బక్లీ పాడింది కేల్ కూర్చిన రూపాన్నే.

అనుమతుల సంగతి. అమెరికాలో 1909 నుంచీ ఒక వెసులుబాటు ఉంది: పాట ఒకసారి రికార్డుగా బయటికి వచ్చాక, చట్టం నిర్ణయించిన రేటు చెల్లిస్తే రచయిత ఒప్పుకోకపోయినా ఎవరైనా కవర్ విడుదల చేయొచ్చు. ఆ రేటు ఒక్కో కాపీకి 1909లో 2 సెంట్లు, ఐదు నిమిషాల లోపు పాటకి 2023లో 12 సెంట్లు. మీ శైలికి తగ్గట్టు అరేంజ్ చేసుకోవచ్చు కానీ మూల ట్యూన్‌నీ, పాట స్వభావాన్నీ మార్చకూడదు. మాటలు మార్చినా, వేరే భాషలోకి తెచ్చినా అది కొత్త రూపం కిందికి వస్తుంది, అప్పుడు రచయితనో ప్రచురణకర్తనో అడగాల్సిందే. వీడియోతో కలిపి పెట్టడానికి సింక్ అనే వేరే లైసెన్స్ కావాలి, ఆడియో లైసెన్స్ దానికి చెల్లదు. దేశాన్ని బట్టి ఈ పద్ధతులు మారతాయి కాబట్టి విడుదలకి ముందు మీ డిస్ట్రిబ్యూటర్‌ని అడగండి.

అసలు రికార్డింగ్‌లోంచి రెండు సెకన్లు తీసుకుని కలిపినా అది ఇక కవర్ కాదు, శాంప్లింగ్. పాట యజమానీ, రికార్డింగ్ యజమానీ ఇద్దరూ ఒప్పుకోవాలి. ద వర్వ్ 1997 పాట 'బిటర్ స్వీట్ సింఫనీ'లో రోలింగ్ స్టోన్స్ పాటకి చేసిన ఆర్కెస్ట్రా రికార్డింగ్ ముక్క వాడినందుకు రచయితలుగా స్టోన్స్ బృందంలోని జాగర్, రిచర్డ్స్ పేర్లు చేరాయి, రాయల్టీలు వాళ్ళవైపే వెళ్ళాయి. ఆ హక్కులు 2019లో గానీ ద వర్వ్ గాయకుడు రిచర్డ్ యాష్‌క్రాఫ్ట్‌కి తిరిగి రాలేదు.

ఇక లెక్క ఒకటి. సాఫ్ట్ సెల్ 'టెయింటెడ్ లవ్' సింగిల్ రెండోవైపు కూడా ఇంకో కవరే పెట్టారు, సుప్రీమ్స్ పాట. ఆ సింగిల్ బ్రిటన్‌లో మొదటి స్థానానికి ఎక్కినా రచయితల రాయల్టీ రెండువైపులా వేరేవాళ్ళకే పోయింది. సొంత పాట ఒకటి వెనకవైపు పెట్టి ఉంటే అమ్ముడైన ప్రతి డిస్క్ మీదా వాళ్ళకి రచయితల వాటా వచ్చేది. అందుకే మీరు కవర్ విడుదల చేస్తుంటే దాని పక్కనే మీ సొంత పాట ఒకటి సిద్ధంగా ఉంచండి. కవర్‌ని వెతుక్కుంటూ వచ్చినవాళ్ళకి తర్వాత కనిపించేది అదే కావాలి. డిస్ట్రిబ్యూటర్ ఫారంలో రచయిత పేరు అడిగే గడిలో మీకు ఆ పాటని పరిచయం చేసిన గాయకుడి పేరు కాకుండా అసలు రాసినవాళ్ళ పేర్లు, వాళ్ళ రాయల్టీ సంఘం జాబితాలో ఉన్న స్పెల్లింగ్‌తోనే నింపండి.